ఒకటో నంబరు ప్రతివాది

కోరుట్లలో ఒక దుకాణం షట్టర్ కొన్నాళ్లు వరుసగా తెరుచుకోకపోతే పక్క దుకాణం వాళ్లు కారణం వెతకరు. "ఐపీ పెట్టిండట" అంటారు, అంతే. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. అప్పులు తీర్చలేని మనిషి కోర్టుకు పోయి, నా దగ్గర ఉన్నది ఇదీ, నేను ఇవ్వాల్సింది ఇదీ, మీరే తేల్చండి అని పెట్టుకునే దరఖాస్తు. ఆ సంగతి మా ఊళ్లో చాలామందికి తెలియదు, తెలిసినా ఒప్పుకోరు. మా దగ్గర ఐపీ అంటే ఎగ్గొట్టడం. సామాను లారీకెక్కించడం, ఫోను ఆపేయడం, కొన్నాళ్లకు హైదరాబాద్‌లో కొత్త కారులో ఎవరికో కనిపించడం. నేను షట్టర్ మూయలేదు, ఊరు విడవలేదు, ఫోను ఆపలేదు. నిజంగానే ఐపీ పెట్టాను. అదీ వకీలు లేకుండా, నా అంతట నేనే రాసుకొని. పారిపోయినవాడి మీద కంటే నా మీదే ఊరికి ఎక్కువ అనుమానం వచ్చింది.

నాది ఫ్లెక్సీ దుకాణం. పుట్టినరోజులు, వర్ధంతులు, గృహప్రవేశాలు, పడిపూజలు, నాయకుడికి స్వాగతాలు అన్నీ నా మిషను మీది నుంచే రోడ్డెక్కేవి. మిషను పాతదే. సిరిసిల్లలో మిషన్లు కొని అమ్మే ఒక సేటు దగ్గర వాయిదాల మీద తెచ్చాను. ఒక ఎన్నికల సీజన్లో రాత్రనక పగలనక కొట్టిన ఫ్లెక్సీలకు డబ్బులు రాలేదు. గెలిచినవాడు గెలిచాను కదా, నన్నెవరు అడుగుతారని ఇవ్వలేదు. ఓడినవాడు ఓడిపోయాను కదా, ఎక్కడి నుంచి తేవాలని ఇవ్వలేదు. ఇద్దరి మొహాలూ నేనే తెల్లగా చేశాను, ఇద్దరి మీసాలకూ నేనే నలుపు వేశాను. ఆ తర్వాత మిషను ప్రింట్ హెడ్ కాలిపోయింది. దానికోసం తెచ్చిన డబ్బు, ఫ్లెక్సీ రోల్స్ కోసం ఫైనాన్సులో తెచ్చిన డబ్బు, నా దుకాణమున్న మడిగె ఓనరు దగ్గర తెచ్చిన డబ్బు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఎంత అనేది ఇక్కడ రాయను. కోర్టులో, ఇంట్లో, బజారులో చెప్పి చెప్పి నాకే ఆ అంకె అంటే అసహ్యం పుట్టింది.

వకీలు దగ్గరికి అసలు పోలేదని కాదు. ఒకాయన దగ్గరికి పోయాను, ఏ ఊరాయనో చెప్పను. ఆయన నా కష్టం వినలేదు, నా పేరు మీద ఏముందో అడిగాడు. తాతలనాటి ఇంట్లో నా భాగం, మిషను, ఒక బండి ఉన్నాయని చెప్పాను.

"ఇల్లు ముందుగాల మీ ఇంటామె పేరు మీదికి మార్చుండ్రి. జరన్ని రోజులు ఆగి ఐపీ ఏద్దాం. మీ చుట్టాలల్ల నమ్మకమైనోళ్లు నలుగురుంటే చెప్పుండ్రి, ఆళ్లను గుడ అప్పులోళ్ల లెక్క రాద్దాం. అచ్చిన దాంట్ల వాటా మల్ల మీకే వస్తది" అన్నాడు.

నాకు కడుపు మండింది. ఊరంతా నన్ను దొంగ అంటున్నది తప్పని నిరూపించుకోవడానికి నేను పోతే, ఈయన నన్ను పద్ధతిగా దొంగను చేస్తానంటున్నాడు. పైగా దానికి ఫీజు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే నా భార్య ఒక్క ముక్కలో తేల్చేసింది.

"ఆయనకిచ్చే పైసలుంటే మనం ఐపీ ఎందుకు పెడుతం?"

అలా నేనే నా వకీలునయ్యాను. ఫోనులో వీడియోలు చూశాను. కోర్టు ముందు జిరాక్స్ దుకాణంలో ఎవరిదో పాత పిటిషను నమూనా దొరికితే తెచ్చుకున్నాను. ఎవరి కేసు వాళ్లే వాదించుకోవచ్చని, దానికి ముందుగా అనుమతి అడగాలని తెలుసుకున్నాను. రాయడం మొదలుపెట్టాక ఒక్కో వాక్యం ఒక్కో అవమానంలా ఉండేది. నాకున్న ఆస్తి రాయాలి. కోర్టు ముట్టుకోకూడనివి ఏవో కూడా రాయాలి. వంట గిన్నెలు, ఒంటిమీది బట్టలు, పడుకునే మంచాలు, ఆడమనిషి మెడలో పుస్తెలు. నేను స్క్రీన్ మీద పుస్తెలతాడు అని టైపు చేస్తుంటే నా భార్య వెనకాల నిలబడి చూసింది.

"గిది గుడ రాస్తున్నవా?"

"తీస్కపోరు అని రాస్తున్న."

"తీస్కపోరు అని రాసేదాకా అచ్చింది మన బతుకు" అని లోపలికి పోయింది.

తర్వాత అప్పులిచ్చినవాళ్ల పట్టిక. ఇక్కడే నేను తప్పు చేశాను. ఆ తప్పు చేయాలంటే ఫ్లెక్సీ వాడే కావాలి, ఇంకెవడికీ చేతకాదు.

ఫ్లెక్సీలో వరుస చాలా పెద్ద సంగతి. ఎవరి ఫోటో పైన, ఎవరిది కింద, ఎవరిది పెద్దగా, ఎవరిది గోరంత, దీని మీద ఊళ్లలో పాలివాళ్లు కొట్టుకుంటారు. ఒక దశదినకర్మ ఫ్లెక్సీలో చిన్నల్లుడి ఫోటో పెద్దల్లుడి కంటే ఎడమ పక్కకు పడిందని బోయినపల్లి దగ్గరి ఊరి నుంచి జీపులో వచ్చి నా కౌంటర్ మీద గుద్దారు. ఏళ్ల తరబడి ఆ పనిలో ఉన్నాను కనుక నాకు ఒకటే తెలుసు. ఎక్కువ గౌరవం ఇవ్వాల్సిన మనిషి మొదట ఉండాలి. పట్టికలో ఒకటో నంబరు ఎవరిదా అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మా అక్క పేరు టైపు చేశాను.

మా అక్కది రాయికల్. బావ పోయి చాలా కాలమైంది. చేటలో తునికాకు, తంబాకు పెట్టుకొని బీడీలు చేస్తూనే ఇల్లు గడుపుకొన్నది, కొడుకును చదివించుకున్నది. నా మిషను ప్రింట్ హెడ్ కాలినప్పుడు నేను అడగకుండానే తన బీడీల పీఎఫ్ డబ్బు తీసి చీర కొంగులో ముడేసుకొని కోరుట్లకు వచ్చింది. "బదులియ్యనా?" అని అడిగింది. మా దగ్గర బదులు అంటే చేబదులు. వడ్డీ, మిత్తి అనేది ఉండదు, కాగితం ఉండదు, గడువు ఉండదు, సాక్షి ఉండడు. నువ్వు ఇస్తావని వాళ్లకు తెలుసు, ఇవ్వాలని నీకు తెలుసు, అంతే. సేటు డబ్బుకూ మడిగె ఓనరు డబ్బుకూ కాగితాలున్నాయి. అక్క డబ్బుకు ఆ ముడి తప్ప ఏమీ లేదు. మిషను అమ్మితే వచ్చేదాంట్లో ముందు మా అక్కకు ఎంతో కొంత ముట్టాలని నా ఆశ. పట్టికలో ముందుంటే డబ్బు కూడా ముందొస్తుందని అనుకున్నాను.

దరఖాస్తు తీసుకొని కోర్టుకు పోయాను. కోర్టు పేరు రాయను, అక్కడివాళ్లు వాళ్ల పని వాళ్లు చేశారు, నాకే పని రాలేదు. నేను మంచి మందపాటి కాగితం మీద, నా దగ్గరున్న అందమైన అక్షరాలతో, అప్పులిచ్చినవాళ్ల పేర్లు ఎర్ర రంగులో కొట్టుకొని పోయాను. కిటికీ లోపలి క్లర్కు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది, పెండ్లి పత్రికనా?"

రంగు తీసేయమన్నాడు. కాగితం సైజు మార్చమన్నాడు. వరుసకూ వరుసకూ మధ్య జాగా వదలమన్నాడు. దారంతో కుట్టమన్నాడు. అవన్నీ చేసుకొని పోతే అప్పులిచ్చిన ఒక్కొక్కరికీ ఒక్కో కాపీ లేదన్నాడు. కాపీలు తెస్తే ప్రమాణపత్రం మీద సంతకం ఉండాల్సిన చోట లేదన్నాడు. సంతకం పెట్టుకొని పోతే ఆ రోజు సెలవు. ఒక్కసారే అన్నీ చెప్పరాదా సార్ అని నేను గట్టిగానే అడిగాను. "అన్నీ చెప్పెటందుకే వకీలును పెట్టుకుంటరు" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు, అదే నా కోపానికి ఇంకా ఆజ్యం పోసింది. బస్సులో తిరిగొస్తూ పక్క సీటాయనతో కారణం లేకుండా కిటికీ గురించి కొట్లాడాను.

ఎట్టకేలకు దరఖాస్తుకు నంబరు పడ్డది. అందరికీ నోటీసులు పోయాయి. నా నెత్తి మీది భారం దిగిందనుకున్నాను. మర్నాటి నుంచి దుకాణానికి జనం రావడం మొదలైంది, ఫ్లెక్సీల కోసం కాదు.

మొదట వచ్చింది మడిగె ఓనరు. పెద్దమనిషి, నమాజుకు పోతూ రోజూ నా దుకాణం ముందు ఆగి పలకరించేవాడు.

"క్యా భాయ్, నేనేం తప్పు చేసిన? మా ఇంటికి కోర్టు ఆద్మీ అచ్చిండు. ప్రతివాది అని రాసి ఉన్నది. మా ఖాందాన్ల ఎవ్వరు కోర్టు మొఖం చూడలే!"

నేను కేసు పెట్టలేదని, అప్పు ఇచ్చినవాళ్లనే ఆ కాగితంలో ప్రతివాది అంటారని చెప్పాను. "ఇచ్చినోడు ప్రతివాదా? వాహ్ రే వాహ్" అని చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన అన్నది ఎంత ఆలోచించినా నాకు కూడా సబబుగానే అనిపించింది.

తర్వాత సిరిసిల్ల సేటు. కారు దిగుతూనే ఒంటికాలి మీద లేచాడు. తనకు డబ్బు రాదేమోనని కోపం అనుకున్నాను. అది కాదు.

"నా బాకీ ఎంత, మీ అక్క బాకీ ఎంత? నన్ను రెండో నంబర్ల పెడుతవా? మిషను ఇచ్చింది నేను! నా ఇజ్జత్ ఏంగావాలె?"

అంత చికాకులోనూ నాకు నవ్వొచ్చింది. కోర్టు కాగితంలో కూడా పైన ఫోటో కావాలంటున్నాడు. నవ్వడం ఆయన చూశాడు. అదే ఆయన నాకు చేసిన చెరుపుకు మొదలని ఇప్పుడు అనుకుంటాను.

ఆ సాయంత్రం అక్క ఫోను చేసింది. అక్క ఎప్పుడు ఫోను చేసినా ముందు "తిన్నవా" అంటుంది. ఆ రోజు అనలేదు.

"నా మీద కేసేసినవారా?"

"కేసు గాదక్కా, నీ పైసలు నీకు రావాలెనని…"

"గీడ సాపుగ రాసి ఉన్నది. మీద నీ పేరు. నడుమ వర్సెస్. కింద నా పేరు. నాకు సదువు రాదనుకున్నవా?"

నోటీసు నా దగ్గర కూడా ఒకటి ఉంది. ఫోను పెట్టేశాక తీసి చూశాను. నేను అన్నిసార్లు తిప్పి తిప్పి రాసిన కాగితమే, కానీ మొదటి పేజీ పైన దాని పేరు ఏమైందో నేను చూడలేదు. పట్టికలో మొదట ఎవరుంటే కేసు వాళ్ల పేరు మీద నడుస్తుంది. కింద మిగిలినవాళ్లంతా ఇతరులు. నేను, వర్సెస్, మా అక్క, మరియు ఇతరులు. సేటు లేడు, మడిగె ఓనరు లేడు, ఫైనాన్సు వాళ్లు లేరు. నా మీదికి ఎవరు వచ్చారయ్యా అంటే మా అక్క. అదీ నా చేత్తో. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. వకీలు ఉంటే ఒక్క నిమిషంలో చెప్పేవాడు, బాబూ, బ్యాంకునో సేటునో పైన పెట్టు అని.

పొద్దున్నే రాయికల్ పోయాను. అక్క అరుగు మీద తోటి ఆడవాళ్లతో కూర్చొని బీడీలు చుడుతోంది. నేను వచ్చేసరికి వాళ్లందరూ చేటలు సర్దుకొని లేచారు. అంటే అందరికీ తెలుసన్నమాట.

"నోటీసు ఇచ్చేటాయన ఎసొంటోడో తెలుసా? బజార్ల నిలవడి నా పేరు గట్టిగ పిలిచిండు. నా వయసుల నన్నెవ్వరు పేరుతోని పిలువలే. ఫలానామె అత్త, ఫలానోని అవ్వ అని పిలుస్తరు" అంది. చేతిలో ఆకు కత్తిరిస్తూనే ఉంది, నా వైపు చూడటం లేదు.

"గౌరవానికే మీద పెట్టిన అక్కా. ఫ్లెక్సీల పెట్టినట్టు."

కత్తెర ఆగింది. "గౌరవమా? నేను నీకు బదులిచ్చిన. నువ్వు గండ్ల అప్పు అని రాసినవ్. అప్పిచ్చినోళ్లల్ల నన్ను కలిపినవ్. నా పేరు అండ్ల నుంచి తీసినాంకనే నా గడప తొక్కు."

మా అక్క నన్ను ఎత్తుకొని పెంచింది. అమ్మ పొలానికి పోతే నన్ను చంకనేసుకొని బీడీల ఖార్ఖానాకు పోయేది. ఆ గడప నాకు మూసుకుంటే అప్పులన్నీ మాఫీ అయినా నాకేం మిగులుతుంది? అప్పటి నుంచి నాకు ఐపీ మీద ధ్యాసే లేకుండా పోయింది. ఆ పేరు తీసేయడమే నా పని అయింది.

అది ఎంత కష్టమో చెప్తే నమ్మరు. ఫ్లెక్సీలో అయితే కస్టమరు ఫోను చేసి ఈ తలకాయ తీసెయ్యి అంటే మౌసుతో పట్టి పక్కన పడేస్తాను, టీ తాగేలోపు అయిపోతుంది. ఇక్కడ నంబరు మార్చాలంటే మళ్లీ దరఖాస్తు. దానికి కారణం రాయాలి. నేను ఉన్నది ఉన్నట్టు రాశాను, ఆమె నా అక్క, ఆమెకు కష్టంగా ఉంది అని. అది వెనక్కి వచ్చింది. ఏ సెక్షన్ కిందనో రాయలేదట. సెక్షన్ రాస్తే మిగిలినవాళ్లందరికీ మళ్లీ కాపీలు ఇవ్వాలన్నారు. పూర్తిగా తీసేస్తానంటే అప్పు ఉన్న మనిషిని దాచినట్టవుతుంది, మొత్తం దరఖాస్తే కొట్టేయవచ్చన్నారు. చెప్పులరిగేలా తిరిగాను. ఒకరోజు ఆ కిటికీ దగ్గరే ఏడుపూ కోపమూ కలిసి వచ్చి, "మా అక్కతోని నాకు కొట్లాట లేదు సార్, మీరు పెట్టిస్తున్నరు" అని అరిచాను. క్లర్కు మంచినీళ్ల సీసా నా వైపు జరిపాడు. దాంతో నాకు ఇంకా సిగ్గేసింది.

ఇక వాయిదాలు. రావాల్సిన పని లేదని కబురు పంపినా అక్క ప్రతి వాయిదాకూ వచ్చేది. రాకపోతే పోలీసులు వస్తారని ఎవరో చెప్పారట. ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ మీద వచ్చేది. నేను డబ్బులు పెట్టి టికెట్ కొనుక్కొని అదే బస్టాండులో దిగేవాణ్ణి. ఎదురుపడితే తల తిప్పుకొనేది. కోర్టు వరండాలో సేటు, ఫైనాన్సు వాళ్లు ఒక పక్కన నిలబడితే తనూ ఆ పక్కకే పోయి, వాళ్లకు కొంచెం ఎడంగా కూర్చునేది. ప్రతివాదులు ఎటుంటే అటే తన జాగా అనుకున్నది. మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పేది. ఒక్కతే తినేది. డబ్బాలో ఇద్దరికి సరిపడా అన్నం ఉండేది, సగం అలాగే మూతపెట్టి తీసుకుపోయేది. అటెండరు గుమ్మంలోకి వచ్చి గట్టిగా పిలిచేవాడు. నా పేరు, వర్సెస్, అక్క పేరు, అండ్ అదర్స్. అలా పిలిచిన ప్రతిసారీ అక్క ఉలిక్కిపడి లేచి కొంగు సర్దుకొనేది.

ఒక వాయిదాకు సేటు తరఫు వకీలు తన జవాబు దాఖలు చేశాడు. జడ్జి మేడమ్ ముందు నిలబడి దాని సారాంశం చెప్పాడు. ఈ పిటిషనరు మోసగాడట. సొంత అక్కను దొంగ రుణదాతగా పట్టికలో మొట్టమొదట పెట్టాడట. కాగితం లేదు, సాక్షి లేడు, బీడీలు చేసుకునే ఆమెకు అంత డబ్బెక్కడిదట. మిషను అమ్మిన డబ్బు అక్క చేతి మీదుగా మళ్లీ ఇంటికి తెచ్చుకునే ఎత్తట. నేను ఏ పని చేయనని ఒక వకీలు మెట్లు దిగి వచ్చానో, సరిగ్గా అదే పని చేశానని ఇంకో వకీలు చెప్తున్నాడు. నా కేసు నేనే వాదించుకుంటానని సంతకం పెట్టినవాణ్ణి, చేతిలోని కాగితాలు అటూ ఇటూ తిరగేస్తూ నిలబడ్డాను.

మేడమ్ అక్కను ముందుకు రమ్మన్నారు.

"మీరు మీ తమ్ముడికి డబ్బు అప్పు ఇచ్చారా అమ్మా?"

"అప్పియ్యలే."

సేటు వకీలు మొహం వెలిగిపోయింది.

"మరి పిటిషన్‌లో ఇచ్చారని రాశాడు కదా?"

"బదులిచ్చిన, మేడమ్. పీఎఫ్ పైసలు. దొంగ పైసలు గావు, ఎన్ని బీడీలు చేస్తె అయినయో కంపెనోళ్లను అడుగుండ్రి."

"బదులైనా అప్పే కదమ్మా."

"మీ కాడ ఒకటేనేమో. మాకు గాదు. అప్పంటె మిత్తుంటది, కాయితముంటది, గిట్ల కోర్టుంటది. బదులుకు గివేం ఉండయి."

మేడమ్ కసురుకోలేదు. నిదానంగా చెప్పారు. అప్పు లేదని రాస్తే మీ పేరు కేసులోంచి తీసేస్తాం, కానీ మిషను అమ్మితే వచ్చేదాంట్లో మీకు పైసా రాదు, తర్వాత అడిగేందుకు ఉండదు, ఆలోచించుకోండి అని.

"తీసెయ్యుండ్రి మేడమ్" అంది అక్క. "నా తమ్మునితోని నాకు కేసు లేదు."

ఆమె చెప్పింది రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేస్తారా అని అడిగితే, సంతకం చేస్తానని పెన్ను అడిగి తీసుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కొని రాసింది. నేను ఎన్ని దరఖాస్తులు పెట్టినా కదలని పేరు, తనే ఒక్క మాటతో తీసేసుకున్నది. వాటా కూడా దాంతోనే పోయింది. సేటు వకీలు చేతిలోని ఆరోపణ కూడా దాంతోనే కూలిపోయింది, మోసం చేసి డబ్బు మళ్లించడానికి ఇప్పుడు అక్కే లేదు కదా. ఆయన కాగితాలు సర్దుకుంటుంటే నాకు సంతోషం కలగాలి. కలగలేదు, నా మీద నాకే ఒళ్లు మండింది.

బయట వరండాలో అక్క డబ్బా విప్పి, మూతలో నాకు అన్నం పెట్టింది. పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. ఎన్నాళ్ల తర్వాతో నా వైపు చూసింది.

"కోర్టుల తీసేసిన గని, ఇంట్ల తియ్యలే. బదులు బదులే. నా పైసలు నాకియ్యాలె, సమజైందా?"

"అయింది."

"తిను మరి. ఏడ్సుకుంట తింటే పొలమారుతది."

తర్వాత నన్ను దివాలాదారుగా ప్రకటించారు. మిషను పోయింది, ఇంట్లో నా భాగం పోయింది. సేటుకూ మిగతావాళ్లకూ వచ్చిందేదో వచ్చింది, అది చాలలేదని వాళ్లు ఇప్పటికీ బజారులో నన్ను తిడతారు. నేను జగిత్యాలలో ఇంకొకరి ఫ్లెక్సీ దుకాణంలో డిజైనరుగా కూర్చుంటున్నాను. బాకీల నుంచి విడుదల చేస్తూ కోర్టు ఉత్తర్వు కూడా ఇచ్చింది కనుక, చట్టం లెక్కలో నేను ఎవరికీ ఏమీ బాకీ లేను. నెల జీతం వచ్చిన రోజు మాత్రం రాయికల్ బస్సెక్కుతాను. ఇచ్చిన దాన్ని అక్క కొంగులో ముడేసుకొని, ఇంతేనా అని ఒకసారి గొణుక్కుంటుంది. ఇంతే అక్కా అంటాను, విసుగ్గానే. ఇద్దరం ఒకరినొకరు కసురుకుంటూనే టీ తాగుతాం.

మొన్న పోయినప్పుడు అక్క తన కొడుకు ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. కోర్టు కేసులు చూసే యాప్‌లో అతను నా పేరు కొట్టి చూశాడట. కేసు ముగిసింది అని ఉంది. పైన పేరు మాత్రం అదే. నేను, వర్సెస్, మా అక్క, మరియు ఇతరులు. ఆమెను తీసేసినట్టు లోపలి ఉత్తర్వులో ఎక్కడో ఉంది కానీ, మొదటి రోజు పడ్డ పేరు పేరుగానే ఉండిపోయింది. ఇకముందు ఎవరు ఎప్పుడు వెతికినా అదే వస్తుంది. ఎందుకలా అని అక్క అడిగితే, అది అట్లనే ఉంటదని కసిరాను.

అక్క కోప్పడలేదు. కళ్లద్దాలు సవరించుకొని, తెరమీద మా ఇద్దరి పేర్ల మధ్యనున్న ఆ మాట మీద వేలు పెట్టి గీకింది. తెర కదిలింది, మాట పోలేదు.

"ఎందరి తలకాయలు తీసినవ్‌రా కంప్యూటర్ల," అంది, "గీ ఒక్కటి తియ్యరాదా?"